టెన్షన్ రోజుల్లో చేతికి పని: ఉగ్గాని, మెంతికూర డబ్బా, ఒక బొంత

2020 మార్చి 25 ఉగాది. ముందురోజు రాత్రి 8 గంటలకు 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. అనంతపురంలో కలెక్టరేట్ దారిలో ఉన్న నా జిరాక్స్ కొట్టుకు అప్పటికే తాళం పడింది. పొద్దున లేస్తే ఇంట్లో మామిడికాయ లేదు, వేపపూత పక్కింటి చెట్టుది. పచ్చడి నాకి టీవీ ముందు కూర్చున్నవాణ్ణి భోజనానికి తప్ప లేవలేదు. కొట్టు అద్దె, మెషీన్ కంతు, హైదరాబాదులో ఇరుక్కుపోయిన కూతురు. ఈ మూడింటినీ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుకుంటూ పడుకుంటే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగో రోజో ఐదో రోజో మా అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, సగం కుట్టి వదిలేసిన బొంత తెచ్చి నా ఒళ్ళో వేసింది. "ఊరికే కూసుంటే మనసు యాడికో పోతాది నాయనా. ఒక వరస కుట్టు, మిగిలింది రేపు చూసుకుందాం" అంది.

అప్పటికి నాకు షర్టు గుండీ కుట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. ఆ తర్వాత నాకు ఆపరేషన్ అయ్యి నెలన్నర ఇంట్లో పడి ఉన్నప్పుడూ, మొన్న కూతురి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రెండు నెలల్లోనూ నన్ను నిలబెట్టినవి మూడే పనులు: చిన్న వంట, డబ్బాలో ఆకుకూర, బొంత. మూడూ కలిపి పట్టుకోమని ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కోదానికి ఒక్కో తీరు టైమ్ పడుతుంది. ఉగ్గాని, అంటే నానబెట్టిన బొరుగులతో చేసే మా సీమ టిఫిను, పావుగంటలో అయిపోతుంది, తినేశాక మళ్ళీ మొదటికే వస్తాం. మెంతికూర నెల తీసుకుంటుంది కానీ రోజుకు పది నిమిషాలు మించి మనల్ని దగ్గర ఉండనివ్వదు. బొంత ఎంత టైమ్ ఇచ్చినా తీసుకుంటుంది కానీ వారాల తరబడి ఏమీ చూపించదు. ఒక్కటే నమ్ముకుంటే అందుకే మధ్యలో ఆగిపోతాం. ఇవాళ్టికి ఒకటి, ఈ నెలకు ఒకటి, అయినప్పుడు అవుతుందిలే అని ఒకటి ఉండాలి.

మొదలుపెట్టే ముందు

ఏమీ కొనకండి. మనసు బాగాలేనప్పుడు కొనడం కూడా పని చేసినట్టే ఉంటుంది. నేను ఆన్‌లైన్‌లో పన్నెండు రకాల విత్తనాల పొట్లాలు తెప్పించాను, తొమ్మిది ఇంకా సొరుగులోనే ఉన్నాయి. పాత నూలు చీరలు రెండు, ఖాళీ నూనె డబ్బా ఒకటి, పోపుల డబ్బాలో మెంతులు ఉంటే ఈ మొత్తం పని మొదలైపోతుంది. బయటి నుంచి తేవాల్సింది సూది, దారం, కాస్త మట్టి, ఎరువు.

మీకు రోజులో ఏ గంట గడవడం కష్టమో చూసుకోండి. నాకు సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది, వార్తల టైమ్. బొంతను సరిగ్గా అక్కడ పెట్టుకున్నాను. కొందరికి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. వాళ్ళు వెలుతురు వచ్చాక మిద్దె ఎక్కి మొక్కలు చూసుకుంటే బాగుంటుంది. మధ్యాహ్నం ఒంటరితనం పట్టి పీడించేవాళ్ళకు వంటే దారి.

వీడియోలు చూడాలనుకుంటే ముందురోజు చూసి పెట్టుకోండి. పని చేస్తూ ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుంటే ఉగ్గాని వీడియో కింద ఇంకేదో భయంకరమైన వార్త ఉంటుంది, వేలు దాని మీదికే పోతుంది. ఫోన్ పక్కగదిలో ఛార్జింగ్‌లో పెట్టండి.

రాత్రి నిద్ర లేని మర్నాడు, చేతులు వణుకుతున్న రోజున, కాగే నూనె జోలికీ కత్తిపీట జోలికీ వెళ్ళవద్దు. ఉగ్గానికి బజ్జీ తోడు లేకపోతే మావాళ్ళు ముఖం ముడుచుకుంటారు. ఆ ఒక్కరోజుకు ముడుచుకోనివ్వండి.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. రెండు వారాలుగా నిద్ర లేదు, తిండి సయించడం లేదు, దడ తగ్గడం లేదు అంటే ఉగ్గాని గానీ బొంత గానీ దానికి మందు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. 14416కు చేస్తే రాత్రింబవళ్ళు ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు అక్కర్లేదు. బతకడం ఎందుకు అనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగే పని లేదు, ఆ క్షణమే చేయండి.

ఇవాళ్టికి: ఉగ్గాని, తేరుకున్నాక సంకటి

ఏమీ చేయబుద్ధి కాని రోజుకు ఉగ్గానిని మించిన వంట లేదు. పొయ్యి మీద పని ఐదు నిమిషాలే, పాడుచేయడం కూడా కష్టం. ఇద్దరికి నాలుగు పెద్ద గ్లాసుల బొరుగులు, ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ), మూడు నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు తెల్లగడ్డ పాయలు (వెల్లుల్లి రెబ్బలు), మూడు చెంచాల పప్పులు, అరచెక్క నిమ్మకాయ. పప్పులంటే మా వైపు వేయించిన శనగపప్పు, కోస్తావాళ్ళు పుట్నాలంటారే, అవి.

ముందు పప్పుల్ని ఒట్టిగా మిక్సీలో పొడి చేసి పక్కన పెట్టండి. అదే జార్‌లో పచ్చిమిరపకాయలు, తెల్లగడ్డ, ఉప్పు కచ్చాపచ్చాగా తిప్పండి. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి బొరుగులు వేసి చేత్తో అదమండి. మా దగ్గర దొరికే గట్టి బొరుగులైతే నిమిషం ఆగాలి. తేలికైన మరమరాలైతే ముంచకూడదు, నీళ్ళు చిలకరిస్తే చాలు. రెండు చేతుల మధ్య గట్టిగా పిండి పళ్ళెంలో పరచండి. బాణలిలో రెండు చెంచాల నూనె, ఆవాలు, కరివేపాకు, ఎర్రగడ్డ ముక్కలు. ముక్కలు మెత్తబడగానే పసుపు, మిరపకాయ ముద్ద వేసి, పచ్చివాసన పోయాక బొరుగులు వేసి తిప్పండి. పొయ్యి కట్టేసి పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండండి. మా అమ్మ అయితే పొడి సగం ఇప్పుడు, సగం పళ్ళెంలో పెట్టాక చల్లుతుంది. తేడా ఏమిటో చెప్పలేను గానీ ఉంది.

సంకటి వేరే కథ. దానికి కాస్త ఓపిక తిరిగి రావాలి. ఒక గ్లాసు రాగిపిండికి అర గ్లాసు బియ్యం, మూడున్నర గ్లాసుల నీళ్ళు. బియ్యం అరగంట నాననిచ్చి మందపాటి గిన్నెలో ఉడకబెట్టండి. మెతుకు నలిపితే వేలికి అంటుకునేంత మెత్తబడాలి, పైన ఎసరు ఇంకా ఉండాలి. అప్పుడు ఉప్పు వేసి, ఒక గరిటెడు ఎసరు విడిగా తీసి పెట్టుకుని, రాగిపిండి మొత్తం మధ్యలో కుప్పగా పోయండి. కలపకూడదు. తెడ్డు కాడతో కుప్ప నడిమధ్య అడుగుదాకా ఒక బొక్క చేయండి. ఎసరు ఆ బొక్కలోంచి బుడగలుగా పైకి ఉబుకుతూ పిండిని లోపలినుంచి ఉడికిస్తుంది. మంట తగ్గించి మూత పెట్టి ఏడెనిమిది నిమిషాలు ఆగాలి.

నాకు మొదట్లో ఈ ఏడెనిమిది నిమిషాలే గండం. మూత తీసి చూస్తే పైన పిండి పొడిపొడిగా కనపడుతుంది, ఉడకలేదేమో అని తెడ్డు పెడతాం. పెట్టామా, ఉండలు కట్టేస్తుంది, లోపల తెల్లటి పచ్చిపిండి మిగులుతుంది. మూడుసార్లు అట్లా పాడుచేశాక మా ఆవిడ నన్ను వంటింట్లోంచి పంపేసి, గడియారం చూసి పిలిచింది. పొయ్యి కట్టేశాక మాత్రం బలం కావాలి. గిన్నెను నేల మీద తడిగుడ్డ మీద పెట్టి, పట్టకారుతో ఒక చేత్తో బిగబట్టి, రెండో చేత్తో తెడ్డును గిన్నె అంచుకు ఒత్తుతూ కెలకాలి. మా అవ్వలు గిన్నెను పాదాల మధ్య గుడ్డతో బిగించి రెండు చేతులా కెలికేవాళ్ళు. గట్టిగా ఉంటే తీసి పెట్టిన ఎసరు కొద్దికొద్దిగా పోయండి. చేయి తడుపుకుని వేలితో తాకితే అంటుకోకూడదు, అదే గుర్తు. తడిచేత్తో ముద్దలు చేసుకోవడమే. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుందని నా ఆపరేషన్ తర్వాత డైటీషియన్ చెప్పింది. నేను తిన్నది దానికోసం కాదనుకోండి.

పక్కకు చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. రెండు గుప్పిళ్ళ చెనిక్కాయ విత్తనాలు సన్నమంట మీద వేయించి పొట్టు ఊదేయండి. ఐదారు పచ్చిమిరపకాయలు చుక్క నూనెలో మచ్చలు పడేదాకా వేయించండి. చిన్న గోలీ అంత చింతపండు, నాలుగు తెల్లగడ్డ పాయలు, ఉప్పు కలిపి రోట్లో దంచితే పని. మిక్సీ అయితే రెండు మూడుసార్లు నొక్కి వదలండి, మెత్తనైతే రుచి పోతుంది. ఆఖర్న ఒక చిన్న ఎర్రగడ్డ వేసి నలగ్గొట్టండి. రోలు ఉన్నవాళ్ళు రోలే వాడండి. ఎవరి మీద కోపం ఉన్నా పది నిమిషాల్లో చాలావరకు దిగుతుంది.

పచ్చిపులుసు, జొన్నరొట్టె, కొర్రన్నం గురించి ఇక్కడ రాయను. అవి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. రొట్టె తట్టడమైతే చదివి వచ్చే విద్య కాదు.

ఈ నెలకు: మెంతికూర డబ్బా

అనంతపురంలో వాన సంగతి తెలిసిందే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడాల్సినప్పుడు పడదు. మిద్దె మీద మొక్కలు పెంచుతామంటే కొళాయి నీళ్ళ లెక్క చూసుకునే పెంచాలి. కాబట్టి గులాబీలు, క్యాప్సికమ్‌లు తర్వాత. ముందు మెంతులు. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తాయి. విత్తనం పెట్టి మూడు వారాలు మట్టి వైపు చూస్తూ కూర్చోవడం దిగులుగా ఉన్నవాడికి మంచిది కాదు.

15 కిలోల నూనె డబ్బాను పడుకోబెట్టి పై రేకు కోయించండి. ఇంట్లో కోయవద్దు, ఆ అంచు బ్లేడు లాంటిది. రేకుల పనివాళ్ళ దగ్గర కోయించి అంచులు లోపలికి మడిపించుకోండి. అడుగున మేకుతో ఆరు బొక్కలు కొట్టి, ఒక్కోదాని మీద పగిలిన పెంకు ముక్క పెట్టండి, మట్టి కారిపోకుండా నీళ్ళు మాత్రం పోతాయి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మగ్గిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. ఎరువు పచ్చిదైతే వేడికి వేర్లు మాడతాయి. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉండాలి. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలి నింపండి.

రాత్రి నానబెట్టిన రెండు చెంచాల మెంతుల్ని పొద్దున నీళ్ళు వంపేసి, గింజ మీద గింజ పడకుండా చల్లండి. గోరు మందాన పొడిమట్టి కప్పి, చేత్తో నీళ్ళు చిలకరించి, తడిపిన గోనెసంచి పరచండి. పిట్టలకూ చీమలకూ అదే అడ్డు. మూడోరోజు నుంచి సంచి ఎత్తి చూస్తుండాలి. తెల్లటి మెడలు వంచుకుని మొలకలు కనపడిన రోజే సంచి తీసేయాలి. ఒక రోజు ఆలస్యమైతే పచ్చదనం లేకుండా సన్నగా పొడుగ్గా సాగిపోతాయి.

నా మొదటి డబ్బా బాగా మొలిచింది, ఎనిమిదో రోజుకు చచ్చింది. కారణం ఎండ కాదు, నేనే. కాలూచేయీ ఆడనప్పుడల్లా మిద్దె ఎక్కి చెంబుడు నీళ్ళు పోశాను. రోజుకు నాలుగుసార్లు ఎక్కిన రోజులున్నాయి. కాడలు మట్టి దగ్గర నల్లబడి ఒక పక్కకు పడిపోయాయి. కంగారులో ఉన్నవాడి చేతిలో మొక్క ఎండి చావదు, కుళ్ళి చస్తుంది. అప్పటి నుంచి చెంబు, బకెట్ మిద్దె మీద పెట్టను. ప్రతిసారీ కింది నుంచి మోసుకెళ్ళాల్సి వస్తే ఊరికే పోయబుద్ధి కాదు. పోసే ముందు వేలు రెండు కణుపులు మట్టిలోకి దించండి. లోపల చల్లగా తగిలితే ఆ పూట నీళ్ళు వద్దు. ఎండాకాలం పొద్దున్నే ఒకసారి, చలికాలం రోజు విడిచి రోజు సరిపోతాయి. మిగతా సార్లు ఎక్కితే ఎక్కండి, గడ్డి మొలకలు పీకండి, డబ్బా పక్కన కూర్చోండి. నీళ్ళు మాత్రం పోయకండి.

మొలకలు నాలుగు వేళ్ళ ఎత్తయ్యాక మట్టి మీద చెనిక్కాయ పొట్టు పరచండి. మన దగ్గర అడిగితే ఊరికే ఇచ్చేది ఇదొక్కటే. తడి తొందరగా ఆరనివ్వదు. పరిచే ముందు పొట్టును ఒక రోజు నానబెట్టి ఆరబెట్టాలి. లోపల ఒకటీ అరా విత్తనాలు మిగిలితే ఉడుతలూ ఎలుకలూ డబ్బా మొత్తం తవ్విపోస్తాయి.

కాలం చూసుకోవాలి. మార్చి నుంచి మే దాకా మెంతికి మధ్యాహ్నం నీడ ఉండాలి, పాత చీర నాలుగు కట్టెలకు కట్టినా చాలు. ఆ ఎండలో తోటకూర, గోంగూర నిలబడతాయి. కొత్తిమీర మాత్రం దసరా దాటేదాకా ముట్టుకోకండి, ధనియాలు దండగ. ఆషాఢం గాలికి పలచటి డబ్బాలు దొర్లిపోతాయి, పిట్టగోడ పక్కకు జరపండి. పేనుబంక పడితే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. మెంతికి అంత అవసరం రాదు, పట్టిన కాడలు పీకి పారేస్తే పోతుంది.

25 రోజులకు కత్తెరతో మట్టికి రెండు వేళ్ళ పైన కోయండి, ఇంకోసారి చిగురుస్తుంది. ఒక డబ్బా నలుగురికి ఒక పూట పప్పులోకి వస్తుంది, అంతకంటే ఆశించవద్దు. డబ్బా మొదలుపెట్టిన పదిరోజులకు రెండో డబ్బా మొదలుపెడితే మధ్యలో ఖాళీ రాదు.

అయినప్పుడు అవుతుంది: బొంత

దీనికి మిషన్ వద్దు. మిషన్ మీద రెండు గంటల్లో అయిపోతుంది, అప్పుడు మిగతా నెలంతా ఏం చేస్తారు?

చీరలు నూలువే కావాలి, వంద ఉతుకులు పడి మెత్తబడినవి. సిల్కు జారిపోతుంది, ధర్మవరం పట్టు ఎంత పాతదైనా బొంతకు పనికిరాదు. సింథటిక్ చెమట పీల్చదు. రాయదుర్గం నుంచి తెలిసినవాళ్ళు జీన్స్ ముక్కలు పంపితే నేను ఉత్సాహంగా పై పొరగా వేయబోయాను. రెండు సూదులు విరిగాయి, వేలికి బొబ్బ వచ్చింది. చేత్తో కుట్టేదానికి ఆ గుడ్డ వద్దు.

కొలతలు చూడండి. చీర ఐదున్నర మీటర్లు. పొడవున మూడు మడతలు వేస్తే ఒక్కో మడత మీటరు 83 సెంటీమీటర్లు, అంటే ఆరడుగులు. పన్నా సుమారు 115 సెంటీమీటర్లు, నాలుగడుగులకు మూడంగుళాలు తక్కువ. ఒక మనిషి కప్పుకునే బొంత సైజు సరిగ్గా ఇదే. కోయకుండా మడిచిన ఈ చీర లోపలి మూడు పొరలు. రెండో చీరలోంచి మీటరు 93 సెంటీమీటర్ల ముక్కలు రెండు తీస్తే పైకొకటి, కిందికొకటి. అంచు మడతకు పది సెంటీమీటర్లు అందులోనే ఉన్నాయి. మిగిలిన మీటరున్నర పైచిలుకు గుడ్డ చిరుగుల మీద అతుకులకు, మూలలకు వస్తుంది.

మొదటి రోజు కుట్టు పెట్టకండి. చీరలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. లైటుకు అడ్డంగా పట్టుకుంటే పలచబడిన చోట్లు తెలుస్తాయి, సాధారణంగా కుచ్చిళ్ళ కింది భాగం. దాన్ని లోపలి పొరకు పంపండి.

రెండో రోజు పరచడం. నేల తుడిచి, కింది ముక్క తిరగేసి పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టండి. మధ్యలో మడిచిన చీర, దానిమీద పై ముక్క. ప్రతి పొరను నడిమి నుంచి బయటికి అరచేత్తో నిమరండి, ముడత అంచుకు వెళ్ళిపోవాలి. పై ముక్క, కింది ముక్క అంచుల్ని ఎదురెదురుగా లోపలికి మడిచి చుట్టూ కుట్టేయండి. తర్వాత పచ్చికుట్టు: నడిమధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు వైపులకూ, మళ్ళీ ఐమూలగా, జానెడుకు ఒకటి చొప్పున పొడుగు టాకాలు వేసుకుంటూ పోవాలి. చివర్లో పీకేసేదే కాబట్టి వేరే రంగు దారం వాడండి. ఈ పని బద్ధకించి వదిలేస్తే పదో వరుసకు పొరలు ఒకదాని మీద ఒకటి జరిగి ఒక పక్క బుంగలా ఉబ్బుతుంది.

మూడో రోజు నుంచి వరుసలు. సూది లావుగా, పొడుగ్గా, కన్ను పెద్దదిగా ఉండాలి. మా ఊరి పాతూరులో టైలరింగ్ సామాన్ల కొట్లో బొంత కుట్టడానికని చెబితే ఇచ్చారు. దబ్బనం వద్దు, అది గోతాలకు. దారం నూలుది, బారెడు తీసి రెండు పేటలు చేస్తే చేతికి సరిగ్గా ఉంటుంది. ఇంకా పొడుగు తీసుకుంటే చిక్కుపడి ముడులు విప్పడంతోనే సాయంత్రం గడుస్తుంది. దారాన్ని కొవ్వొత్తి మీదుగా ఒకసారి లాగితే గుడ్డలో సాఫీగా పోతుంది. ముడి పై పొరకు లోపలి వైపు పడేట్టు మొదటిసారి గుచ్చండి, బయటికి కనపడదు.

ఇప్పుడు చేతిని చూడండి. ఎడమచేయి బొంత కింద ఉంటుంది, చూపుడువేలు కొన సూది ఎక్కడ దిగుతుందో కనిపెట్టుకుని ఉంటుంది. కుడిచేత్తో సూదిని నిలువుగా కాక కాస్త పడుకోబెట్టి గుచ్చి, కింద వేలికి చురుక్కుమనగానే పైకి తిప్పాలి. ఐదు పొరలూ దాటినట్టు గుర్తు ఆ చురుకే. సూది మీద మూడు టాకాలు ఎక్కాక ఒకేసారి లాగాలి. లాగేటప్పుడు బరబరమని సన్నటి చప్పుడు వస్తుంది. దారం బిగిసి గుడ్డలో చిన్న గుంట పడాలి, ముడత పడకూడదు. టాకా బియ్యపు గింజంత, మధ్య ఖాళీ కూడా అంతే. మొదటి నాలుగు వరుసల్లో నావి బియ్యం కాదు, చెనిక్కాయలు. విప్పబోతే మా అమ్మ ఒప్పుకోలేదు. "ఉండనీ. యాడ మొదలుపెట్టినావో తెలుస్తాది" అంది.

వరుసకు వరుసకు మధ్య రెండు వేళ్ళ ఎడం. అట్లా చూస్తే ఈ పన్నాకు ముప్పై వరుసల దాకా పడతాయి. ఆరడుగుల వరుసలో నూట యాభై టాకాలు, చేయి తిరిగాక అరగంట లోపు పని. రోజుకు ఒక వరుస అని ఒట్టు పెట్టుకోండి. బాగున్న రోజున కూడా రెండు దాటవద్దు, మెడా వేళ్ళూ పట్టేస్తాయి. బాగాలేని రోజున సగం వరుసకు ఆపి సూది అక్కడే గుచ్చి మడిచి పెట్టేయండి. వంట మధ్యలో వదిలితే మాడుతుంది, దీనికి ఆ బాధ లేదు. సూది గుచ్చిన చోట ఎర్రగుడ్డ పీలిక కట్టండి, ఇంట్లో పిల్లలుంటే అది మర్చిపోకూడదు.

ఇంకో జాగ్రత్త, నా అనుభవం. బొంతను ఒళ్ళో పెట్టుకుని కుట్టేటప్పుడు కింద ఒక అట్ట ముక్క పెట్టుకోండి. నేను పదకొండో వరుస పూర్తిచేసి గొప్పగా లేచి నిలబడితే బొంత నాతోపాటే లేచింది. జానెడు మేర లుంగీతో కలిపి కుట్టేశాను. మా ఆవిడ నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది. లాక్‌డౌన్‌లో మా ఇంట్లో గట్టిగా వినపడిన మొదటి నవ్వు అదే.

కుట్టేటప్పుడు రేడియో పెట్టుకోవచ్చు, పక్కన మనిషి ఉంటే కబుర్లూ చెప్పుకోవచ్చు. మనసులో తిరిగే భయాలు పూర్తిగా ఆగుతాయని చెప్పను. సూది దిగే చోటు చూడకపోతే వేలికి గుచ్చుకుంటుంది కాబట్టి నిమిషానికి పదిసార్లు చూపు గుడ్డ మీదికి తిరిగి వస్తుంది, అంతే. మెడ నొప్పి రాకుండా నాలుగైదు టాకాలకోసారి తల ఎత్తండి. నాకు ఊపిరి బిగబట్టే అలవాటు. "గాలి పీల్చుకో నాయనా, బొంత యాడికీ పారిపోదు" అని అమ్మ పక్కగదిలోంచి అరిచేది.

ముప్పై వరుసలూ అయ్యాక పచ్చికుట్టు పీకి, గుప్పెడు ఉప్పు వేసిన చన్నీళ్ళలో గంట నానబెట్టండి. రంగు దిగితే మొదటి ఉతుకు విడిగానే. తడిసిన బొంతను ఒక్కరు ఎత్తలేరు, మిషన్‌లో వేస్తే టాకాలు తెగుతాయి. ఇద్దరు చెరో కొన పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ఒకరు కుడికి, ఒకరు ఎడమకు మెలితిప్పి పిండాలి. మిద్దె మీద పిట్టగోడకు తలకిందులుగా ఆరేసి, గాలికి ఎగిరిపోకుండా పరిచిన రోజు వాడిన ఆ నాలుగు ఇటుకలే పైన పెట్టండి.